నమ్మకం ఉన్నచోట కాగితం ఎందుకు?

రెండేళ్ళ క్రితం ఇషా నమాజు ముగిసిన తరువాత మా మసీదు వరండాలో ఇద్దరు సోదరులు నన్ను ఆపి కూర్చోబెట్టారు. ఒకరిది టైర్ల దుకాణం, మరొకరిది చిన్న ఫ్యాన్సీ షాపు. మొదటివారి అక్కగారే రెండవవారి ఇల్లాలు. "హజ్రత్! నాలుగేళ్ళ క్రితం రమజానుకు ముందు దూల్హాభాయ్‌కి లక్షన్నర ఇచ్చాను. పండుగకు దుకాణంలో సరుకు నింపుకోవాలంటే కాదనలేకపోయాను. ఇప్పుడు అంత ఇవ్వలేదంటున్నారు" అన్నారు మొదటివారు. "ఇచ్చింది డెబ్భై అయిదు వేలు. అందులో నలభై వేలు తిరిగి ఇచ్చేశాను. మిగిలింది ఇవ్వనని నేనెప్పుడూ అనలేదు" అన్నారు రెండవవారు.

కాగితం ఉందా అని అడిగాను, లేదన్నారు. బ్యాంకు ద్వారా పంపారా అంటే, చేతికే ఇచ్చామన్నారు. ఆ సమయంలో మూడో మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఉన్నారు, ఆ ఇద్దరినీ బంధువులను చేసిన ఆ ఇల్లాలే. ఆమెను పిలిచి సాక్ష్యం చెప్పమనే ధైర్యం వారిద్దరిలో ఎవరికీ లేదు, నాకూ లేకపోయింది. తమ్ముని పక్షాన మాట్లాడితే కాపురం కలత చెందుతుంది, భర్త పక్షాన మాట్లాడితే పుట్టింటి గడప దూరమవుతుంది.

ముప్పై ఏళ్ళుగా మద్రసాలో ఫిఖ్హ్ బోధిస్తున్నవాణ్ణి. వాదించేవాడు సాక్ష్యం తేవాలి, నిరాకరించేవాడు ప్రమాణం చేయాలి అన్న సూత్రాన్ని ఎన్ని తరగతులకు వల్లె వేయించానో లెక్కలేదు. ఆ రాత్రి మాత్రం ఆ సూత్రాన్ని ప్రయోగించడానికి నా నోరు రాలేదు. ఇద్దరూ ఐదుపూటలా మొదటి పంక్తిలో నిలబడేవారే. ఇద్దరూ తమకు గుర్తున్నదే నిజమని మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. నాలుగేళ్ళలో జ్ఞాపకం ఎవరికి అనువైన రీతిలో వారి వద్ద మారిపోయింది. వారిద్దరూ ఏకాభిప్రాయంతో పలికిన మాట ఒక్కటే: "సొంత బావ దగ్గర నోటు వ్రాయించుకుంటారా ఎవరైనా?"

ఈ మాట ఆ ఇద్దరిది మాత్రమే కాదు, మన ఇళ్ళన్నిటిలోనూ వినిపించేదే. కాగితం అడగడమంటే ఎదుటివారిని దొంగ అన్నట్లేనని మనం అనుకుంటాము. ఈ అభిప్రాయం మనకు ఎక్కడి నుండి వచ్చిందో తెలియదు గాని, ఇస్లాం నుండి మాత్రం రాలేదు.

దైవప్రవక్తనే సాక్షిని అడిగిన పల్లెవాసి

అబూదావూద్ హదీసు సంకలనంలో ఒక సంఘటన ఉంది. దైవప్రవక్త (స) ఒక పల్లెవాసి వద్ద గుర్రాన్ని కొన్నారు. వెల చెల్లించడానికి తన వెంట రమ్మని ముందు నడిచారు. ఆ మనిషి వెనుక మెల్లగా వస్తున్నాడు. బేరం ఇదివరకే కుదిరిందన్న సంగతి తెలియని కొందరు దారిలో గుర్రానికి ధర అడగసాగారు. ఆ మనిషికి ఆశ పుట్టింది. కొంటే కొనండి, లేదంటే వేరొకరికి అమ్మేస్తానని దైవప్రవక్త (స)కే కేకవేశాడు. నేను నీ వద్ద కొన్నాను కదా అని ఆయన అంటే, నేను అమ్మనే లేదు, సాక్షిని తీసుకురండి అన్నాడు. అప్పుడు ఖుజైమా బిన్ సాబిత్ (రజి) ముందుకు వచ్చి సాక్ష్యం పలికారు. నీవు అక్కడ లేవు కదా, ఏ ఆధారంతో సాక్ష్యమిస్తున్నావని దైవప్రవక్త (స) ఆయన్ని అడిగారు. మీరు సత్యవంతులన్న విశ్వాసంతోనే అని ఖుజైమా (రజి) బదులిచ్చారు. ఆనాటి నుండి ఆయన ఒక్కరి సాక్ష్యం ఇద్దరి సాక్ష్యంతో సమానమైంది.

ఈ హదీసును మనం సాధారణంగా ఖుజైమా (రజి) ఔన్నత్యాన్ని చెప్పడానికే వినిపిస్తాము. నన్ను ఆలోచింపజేసేది మరో సంగతి. విశ్వసనీయుడని మక్కా నగరమంతా పిలిచిన మహనీయుణ్ణే ఒకడు సాక్షి ఏడని అడిగాడు. అలా అడిగినందుకు అతణ్ణి దండించినట్లు ఉల్లేఖనంలో లేదు. సాక్షి అడిగితే ఆయన గౌరవానికే భంగం కలగనప్పుడు, మన బావల గౌరవానికి, మన మిత్రుల గౌరవానికి కలిగే భంగమేమిటి?

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. అది మాట్లాడేది నమాజును గురించో ఉపవాసాన్ని గురించో కాదు, అప్పు పత్రాన్ని గురించి. గడువు నిర్ణయించి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవాలని, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని, సాక్షుల్ని పెట్టుకోవాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందరాదని, వ్రాసిన వానికి గాని సాక్షికి గాని హాని కలిగించరాదని ఆ ఆయత్ ఒక్కొక్క మెట్టుగా చెబుతుంది. తరువాతి ఆయత్‌లో, ప్రయాణంలో వ్రాసేవాడు దొరకకపోతే కుదువ పెట్టుకోవచ్చనీ, ఒకరిపై ఒకరికి నమ్మకం ఉంటే నమ్మబడినవాడు ఆ అమానతును తీర్చాలనీ ఉంది. దీన్నిబట్టి అత్యధిక ధర్మవేత్తలు వ్రాసుకోవడాన్ని వాజిబ్‌గా కాక అభిలషణీయంగా పరిగణించారు. అయితే అభిలషణీయమన్న ఒక్క మాటను పట్టుకుని మనం దాన్ని పూర్తిగా వదిలేశాము.

ఆ ఆయత్‌లో ఒక సూక్ష్మం ఉంది. పత్రంలోని మాటలను చెప్పి వ్రాయించవలసినవాడు అప్పు తీసుకున్నవాడు, ఇచ్చినవాడు కాదు. తీసుకునేవాడు అవసరంలో ఉంటాడు, ఇచ్చేవాని చేతిలో బలం ఉంటుంది. బలవంతుడు చెప్పింది వ్రాసి బలహీనునిచేత సంతకం చేయించడం కాక, బలహీనుడు తన నోట తాను ఒప్పుకున్నంతే పత్రంలో ఉండాలి. మన బజార్లలో జరిగేది దీనికి సరిగ్గా విరుద్ధం. ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం తీసుకుంటారు. మొత్తం తరువాత నింపుకుంటారు.

నోటు, చెల్లు, మూడేళ్ళ గడువు

మన దేశంలో కాలపరిమితి చట్టం 1963 నాటిది. దాని ప్రకారం గడువు పెట్టని చేబదులును వసూలు చేయడానికి ఇచ్చిన తేదీ నుండి మూడేళ్ళలోగా కోర్టులో దావా వేయాలి. అడిగినప్పుడు చెల్లిస్తానని వ్రాసే ప్రామిసరీ నోటుకు కూడా నోటు తేదీ నుండి మూడేళ్ళే. పైన చెప్పిన సోదరుల విషయంలో నాలుగేళ్ళు గడిచాయి. సాక్ష్యం ఉన్నా కోర్టు తలుపు మూసుకున్నట్లే. షరీఅత్‌లో అలా కాదు, అప్పు తీరేవరకూ మెడమీద ఉంటుంది. అయితే అది పరలోకపు లెక్క, అక్కడ ఎలాగూ దాపరికం చెల్లదు. ఇక్కడ బిడ్డల ఫీజు కట్టవలసినవారికి ఈ లోకపు లెక్క కూడా అవసరమే.

ఈ గడువును కొత్తగా మొదలుపెట్టే మార్గాన్ని చట్టమే ఇచ్చింది. మూడేళ్ళు నిండకముందే అప్పు తీసుకున్నవారు తాము ఇంకా బాకీ ఉన్నామని వ్రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుండి మళ్ళీ మూడేళ్ళు లెక్కకు వస్తాయి. కొంత సొమ్ము చెల్లించి ఆ సంగతిని తమ చేతివ్రాతతోనో సంతకంతోనో నమోదు చేసినా అంతే. దీన్నే మన పెద్దలు నోటు వెనుక "చెల్లు వేయడం" అనేవారు. చెల్లు వేయడం వల్ల ఇచ్చినవారికి గడువు మిగులుతుంది, చెల్లించినవారికి రసీదు మిగులుతుంది. మన సోదరులు ఆ నలభై వేలు ఇచ్చిన రోజున ఏ నోటు వెనుకనో ఒక్క పంక్తి వ్రాసుకుని ఉంటే ఆ రాత్రి పంచాయితీ ఉండేదే కాదు.

ప్రామిసరీ నోటు ఫారాలు స్టేషనరీ కొట్లలో దొరుకుతాయి. రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం ఆ స్టాంపు మీదుగా సాగేలా చేయించాలి. స్టాంపు లేని ఇతర పత్రాలెన్నిటినో తరువాత జరిమానా కట్టి కోర్టులో చెల్లేలా చేసుకోవచ్చు గాని, ప్రామిసరీ నోటుకు ఆ వెసులుబాటు కూడా లేదు. ఒక్క రూపాయి స్టాంపు మరచిపోయినందుకు లక్షల నోటు సాక్ష్యంగా పనికిరాకుండా పోతుంది.

ఆ అచ్చు ఫారాల్లో నూటికి నెలకు ఇంత వడ్డీ అన్న ఖాళీ ఒకటి ఉంటుంది. విశ్వాసులు వడ్డీ తీసుకోరు గనుక దాన్ని పట్టించుకోకుండా ఖాళీగా వదిలేస్తారు. అది పొరపాటు. ఖాళీని తరువాత ఎవరైనా నింపవచ్చు. ఇచ్చినవారు మరణిస్తే వారి వారసులే నింపవచ్చు. ఆ పంక్తిని అడ్డంగా కొట్టివేసి, పక్కన ఇద్దరూ సంతకం చేసి, "వడ్డీ లేదు" అని స్పష్టంగా వ్రాయాలి. నోటుకు సాక్షులు ఉండి తీరాలని చట్టం అనదు, ఖుర్ఆన్ ఆయత్ మాత్రం అడుగుతుంది. ఎదుటివారు ఈ సంతకం నాది కాదన్న రోజున కోర్టులోనూ ఆ సాక్షులే అక్కరకు వస్తారు. అప్పు పూర్తిగా తీరిన రోజున అసలు నోటును తిరిగి తీసుకోవాలి. ఎక్కడో పెట్టాను, దొరికాక ఇస్తానన్న మాటకు తృప్తిపడి వెళ్ళిపోకూడదు, అప్పటికప్పుడు రసీదైనా వ్రాయించుకోవాలి.

మరొక సంగతి చాలామందికి తెలియదు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం రూ. 20,000, ఆపై మొత్తాన్ని నగదు రూపంలో అప్పుగా తీసుకోకూడదు. తిరిగి చెల్లించేటప్పుడూ ఇదే వర్తిస్తుంది. బ్యాంకు ద్వారా పంపితే ఈ నియమం పాటించినట్లవుతుంది, తేదీతో సహా రుజువూ మిగులుతుంది. ఫోను ద్వారా సొమ్ము పంపే యువకులు అక్కడ చిన్న వివరణ వ్రాసే చోటు ఉందన్న సంగతి గుర్తుంచుకోవాలి. "కర్జె హసన" అన్న రెండు మాటలు అక్కడ వ్రాస్తే, రేపు అది కానుకా అప్పా అన్న తగాదా రాదు.

చెక్కు సంగతి మరింత జాగ్రత్తగా చూడవలసినది. మన చిన్న వ్యాపారులు హోల్‌సేల్ సరుకు తెచ్చుకునేటప్పుడు భద్రత కోసమంటూ సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఇచ్చి వస్తారు. మొత్తం నేను వ్రాయలేదు కదా, అది ఎలా చెల్లుతుందని వారి ధీమా. ఆ ధీమాకు ఆధారం లేదు. సంతకం చేసిన ఖాళీ చెక్కును ఇష్టపూర్వకంగా ఇచ్చినప్పుడు, మిగతా వివరాలను వేరొకరు నింపినా, అది బాకీ నిమిత్తం ఇచ్చినదనే భావన వర్తిస్తుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాకీ లేదని నిరూపించుకునే భారం సంతకం చేసినవారిదే అవుతుంది. కనుక ఇవ్వక తప్పనప్పుడు పేరు, మొత్తం, తేదీ నింపి ఇవ్వాలి. చెక్కు నెంబరు, ఏ బిల్లు నిమిత్తం ఇచ్చారన్నది వ్రాసిన కాగితం మీద అవతలివారి సంతకం తీసుకోవాలి. చెక్కు చెల్లక తిరిగివస్తే, ఆ సమాచారం అందిన 30 రోజుల్లో అవతలివారు నోటీసు పంపవచ్చు. నోటీసు అందిన తరువాత 15 రోజుల్లో చెల్లిస్తే క్రిమినల్ కేసు ఉండదు. ఈ 15 రోజులను మనవాళ్ళు భయంతోనే పోగొట్టుకుంటారు. పోస్టుమాన్‌ను చూసి ఇంట్లో లేమని చెప్పిస్తారు. తిరస్కరించిన నోటీసును కూడా అందినట్లుగానే కోర్టులు పరిగణిస్తాయి.

నేను చేసిన సంతకం

ఇతరుల పొరపాట్లనే చెప్పుకుపోవడం న్యాయం కాదు. 2016లో నాతో కలిసి చదువుకున్న ఒక మిత్రుడు ఆటో కొనుక్కోవడానికి ఒక ఫైనాన్సు సంస్థను ఆశ్రయించాడు. షూరిటీ సంతకం కావాలన్నాడు. "నువ్వు మౌల్వీవి, నీ సంతకమంటే వాళ్ళు మారుమాట్లాడరు" అన్నాడు. ఆ పొగడ్త నాకు నచ్చిందని ఇప్పుడు ఒప్పుకోవాలి. వెళ్ళాను. ఇంగ్లీషులో అచ్చయిన కాగితాల కట్ట, పెన్సిలుతో గుర్తుపెట్టిన చోటల్లా సంతకం చేస్తూ పోయాను. ఖాళీలు ఎన్ని ఉన్నాయో చూడలేదు, నకలు అడగలేదు. వడ్డీ పత్రం మీద ఒక మద్రసా ఉపాధ్యాయుడు సంతకం చేస్తున్నాడన్న స్పృహ కూడా ఆ గదిలో నాకు కలగలేదు. స్నేహమే కదా అనుకున్నాను. వడ్డీ వ్యవహారంలో భాగస్వామ్యం ఎంత తీవ్రమైనదో జుమా ప్రసంగాల్లో చెప్పిన నోరే ఇది.

ఎనిమిది నెలల తరువాత మిత్రుని కిస్తులు ఆగిపోయాయి. నోటీసు అతనితో పాటు నాకూ వచ్చింది. ముందు అతణ్ణి పట్టుకోండి, ఆటోను అమ్ముకోండి, అప్పటికీ మిగిలితే నన్ను అడగండి అని ఆ కార్యాలయంలో వాదించాను. అక్కడున్న యువకుడు మర్యాదగానే కాగితం తిప్పి నా సంతకం చూపించాడు. భారత కాంట్రాక్టు చట్టం (1872) 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా వ్రాసుకుంటే తప్ప, హామీదారుని బాధ్యత అసలు బాకీదారునితో సమానంగా ఉంటుంది. ముందు అతణ్ణి అడిగి తీరాలన్న నిర్బంధం ఋణదాతకు లేదు.

తల వంచుకుని ఇంటికి వచ్చాను. అప్పుడు నా సిగ్గు రెట్టింపయింది. ప్రతి సంవత్సరం నేను బోధించే హిదాయా గ్రంథంలో కితాబుల్ కఫాలా అనే అధ్యాయం ఉంది. హనఫీ ధర్మవేత్తలు అక్కడ చెప్పేదీ ఇదే. ఋణదాత తాను కోరినవారిని, అసలు బాకీదారుణ్ణి గాని హామీదారుణ్ణి గాని, అడగవచ్చు. ఆ వాక్యానికి విద్యార్థుల చేత అర్థం చెప్పించాను, పరీక్షలో ప్రశ్న ఇచ్చాను, నా చేయి సంతకం చేసేటప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు. పధ్నాలుగు నెలలపాటు నా జీతం నుండి రూ. 62,000 కట్టాను. ఆ సంవత్సరం మా పెద్దమ్మాయి కాలేజీ చదువు ఆగింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

హామీదారునికి ఒక హక్కు ఉంది. చెల్లించిన మొత్తాన్ని అసలు బాకీదారు వద్ద రాబట్టుకోవచ్చు. కాంట్రాక్టు చట్టం ఆ హక్కును ఇస్తుంది. బాకీదారు కోరిక మీద హామీ ఉన్నప్పుడు హనఫీ ఫిఖ్హ్ కూడా ఇస్తుంది. అందుకు కట్టిన ప్రతి కిస్తు రసీదు మీ పేరిట ఉండాలి. నా రసీదులన్నీ మిత్రుని పేరిట ఉన్నాయి. అలా ఎందుకు తీసుకున్నానని నన్ను అడగకండి.

అప్పుతో మరణించిన ఒక వ్యక్తి జనాజా వచ్చినప్పుడు దైవప్రవక్త (స) నమాజు చేయించడానికి వెనుకాడారు. ఆ అప్పు నాది అని అబూ ఖతాదా (రజి) అన్న తరువాతనే చేయించారు. అప్పు తీర్చావా అని మరునాడు ఆయన్ని మళ్ళీ అడిగారని ఉల్లేఖనాల్లో ఉంది. హామీ అంటే చనువుతో తల ఊపడం కాదని మన కాలానికి ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? మీ వద్ద ఎవరైనా షూరిటీ సంతకం కోరితే మూడు ప్రశ్నలు అడగండి. ఆ కాగితం వడ్డీదా? అతడు ఒక్క కిస్తు కూడా కట్టకపోతే మొత్తం నేను కట్టగలనా? నకలు నా చేతికి ఇస్తారా? మొదటి ప్రశ్నకు అవునని జవాబు వస్తే మిగిలిన రెండూ అక్కర్లేదు. సంతకానికి బదులు చేతనైనంత సొమ్ము కర్జె హసనగా ఇవ్వండి. అది కొద్దిగానే ఉన్నా మీకు తెలిసినంతే పోతుంది.

ఇంటిలోపలి లెక్కలు

అన్నదమ్ములు కలిసి నడిపే దుకాణాలు మన సమాజంలో ఎన్నో. పెట్టుబడి ఎవరిదెంత, లాభం ఎవరికెంత, రోజంతా గల్లా వద్ద కూర్చునేవారికి జీతమా వాటాయా అన్నది తండ్రి బ్రతికి ఉన్నంతకాలం ఎవరూ అడగరు. షరీఅత్‌లో భాగస్వామ్య వ్యాపారానికి లాభాల నిష్పత్తి ముందే నిర్ణయం కావాలి. వ్రాసుకోకపోతే చట్టం తన లెక్క తాను వేస్తుంది. భాగస్వామ్య చట్టం (1932) ప్రకారం ఒప్పందం లేనిచోట లాభం సమానంగా పంచుకోవాలి, మీరు రెండింతలు పెట్టుబడి పెట్టినా సరే. సంస్థను రిజిస్టరు చేయించకపోతే బయటి బాకీదారుల మీద దాని పేరిట దావా వేయడానికి వీలుండదు. ఒప్పంద పత్రం ఉంటే రిజిస్ట్రేషను పెద్ద పని కాదు. ఆ పత్రం వ్రాయడానికి కూర్చోవడమే పెద్ద పని.

ఇంతకంటే మౌనంగా జరిగే అన్యాయం మరొకటి ఉంది. భర్త దుకాణం కోసం భార్య బంగారం కుదువకు వెళుతుంది, లేదా అమ్ముడవుతుంది. అది కానుకా, అప్పా, దుకాణంలో వాటాయా? ఆ రోజు అడిగితే ప్రేమ లేనట్లు. పదేళ్ళ తరువాత భర్త మరణిస్తే, అతని అన్నదమ్ములు దుకాణాన్ని వారసత్వ సొత్తుగా లెక్కకు తెస్తారు. ఆ గోడల్లో ఆమె ఎనిమిది తులాలు ఉన్నాయన్న సంగతి ఎవరి పుస్తకంలోనూ ఉండదు. భార్య సొత్తు భార్యదేనని ఇస్లాం మొదటి నుండీ అన్నది. వారసత్వం పంచకముందే అప్పులు తీర్చాలని కూడా అన్నది. తీర్చని మహర్ కూడా అప్పే. కాబట్టి సోదరీమణులారా, నికాహ్‌నామా నకలు మీ వద్ద ఉంచుకోండి. బంగారం ఇచ్చేటప్పుడు బరువు, తేదీ, ఏ నిమిత్తం ఇచ్చారన్నది వ్రాసి భర్త సంతకం తీసుకోండి. సోదరులారా, వారు అడిగే వరకు ఎదురుచూడకండి. వ్రాయించవలసినవాడు అప్పు తీసుకున్నవాడే అన్న ఆయత్ మీ ఇంట్లోనూ వర్తిస్తుంది.

తండ్రులు బ్రతికి ఉండగా నోటిమాటతో ఇల్లు ఒక బిడ్డకు హిబా చేయడం కూడా మామూలే. ముస్లింల హిబాకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని, ఇస్తున్నట్లు ప్రకటించడం, పుచ్చుకునేవారు అంగీకరించడం, స్వాధీనం చేయడం అన్న మూడు షరతులు పూర్తయితే చెల్లుతుందని సుప్రీంకోర్టు 2011లో హఫీజా బీబీ కేసులో తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం మన ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళినదే. అయితే అందులోని హిబా పత్రం 1968 నాటిది. అంటే నలభై ఏళ్ళకు పైబడిన తరువాత ఆ తీర్పు వెలువడింది. చెల్లుతుందన్న మాట నిజమే, ఎన్నాళ్ళకు చెల్లుతుందన్నది వేరే ప్రశ్న. రిజిస్టరు చేయించి, పన్ను రసీదు, కరెంటు మీటరు పేరు మార్పించి, ఇంటిని నిజంగా అప్పగిస్తే తదుపరి తరం కోర్టు మెట్లెక్కకుండా ఉంటుంది. తన ఒక కుమారునికిచ్చిన కానుకకు సాక్షిగా ఉండమని ఒక సహచరుడు కోరినప్పుడు, మిగతా బిడ్డలకూ ఇలాగే ఇచ్చావా అని దైవప్రవక్త (స) అడిగారు. లేదనగానే సాక్షిగా నిలవడానికి నిరాకరించారు. సాక్షి సంతకం పెట్టేవారు అడగవలసిన ప్రశ్న అది.

తోపుడు బండ్లవారి కోసం రెండు మాటలు. వీధి విక్రేతల చట్టం 2014లో వచ్చింది. మున్సిపాలిటీ సర్వేలో పేరు నమోదు చేయించుకుని విక్రయ ధ్రువపత్రం తీసుకోండి. స్థలం ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుపోతే జాబితా వ్రాసి ఇవ్వాలి. పండ్లు, కూరగాయల వంటి పాడైపోయే సరుకును, మీరు వెళ్ళి అడిగి నిర్ణీత రుసుము కడితే, ఆ రోజే తిరిగి ఇవ్వాలి. జాబితా అడగడానికి భయపడకండి. దానిపై ఉన్న సంతకమే మీ సరుకుకు రసీదు.

లాయరు ఖర్చు భరించలేమని వెనుకాడేవారు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు, 15100 నెంబరుకు ఫోను చేయవచ్చు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. అన్నదమ్ముల తగాదాలకు పోలీసు స్టేషను మెట్లకంటే అది మెరుగైన చోటు.

మళ్ళీ ఆ ఇద్దరు సోదరుల సంగతి. ఆ రాత్రి ఏ తీర్పూ చెప్పకుండా పంపించాను. ఆనాటి సరుకు బిల్లులేమైనా ఉంటే వెదకమన్నాను. ఇరవై రోజుల తరువాత ఆ ఇల్లాలే అటక మీది రేకుపెట్టె దించి, పాత బిల్లుల కట్ట తీసి తమ్మునికీ భర్తకూ చెరొక చేయి పట్టించిందట. ఆమె ఏ పక్షానా మాట్లాడలేదు. ఆ వారం హోల్‌సేల్ దుకాణం నుండి వచ్చిన సరుకు బిల్లులు కలిపితే లక్షా పదివేలయింది. ఇచ్చిన సొమ్మంతా సరుకుకే వెళ్ళిందన్నది ఇద్దరూ ఒప్పుకున్న విషయమే గనుక ఆ అంకె దగ్గర ఇద్దరూ ఆగారు. నలభై వేలు చెల్లిన మాటను మరిదిగారు అంగీకరించారు. మిగిలింది డెబ్భై వేలు.

కాలపరిమితి దాటిన అప్పును చెల్లిస్తానని బాకీదారు వ్రాసి సంతకం చేస్తే ఆ వాగ్దానం చెల్లుతుందని కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను చెబుతుంది. మూసుకున్న తలుపును తెరిచే అధికారం బాకీ పడినవాని చేతిలోనే ఉన్నదన్నమాట. ఒక జుమా రోజున అస్ర్ తరువాత అదే వరండాలో కూర్చున్నాము. నూరు రూపాయల స్టాంపు కాగితం తెచ్చారు. బంధువులు కాని ఇద్దరిని సాక్షులుగా పిలిచాము. కలం నా చేతిలో ఉంది. ఏమి వ్రాయాలో మీరే చెప్పండని బావగారితో అన్నాను. ఆయన నెమ్మదిగా చెప్పసాగారు. తీసుకున్నది ఎప్పుడు, ఎందుకు, చెల్లించినది ఎంత, నెలకు అయిదు వేల చొప్పున పధ్నాలుగు నెలలు. బాకీ మొత్తం దగ్గర నేను అంకెలు వేసి ముందుకు పోబోతుంటే ఆయనే నా చేయి ఆపారు.

"అక్షరాల్లో కూడా వ్రాయండి, హజ్రత్" అన్నారు.